మూడు చుక్కల సేనాపతి

అప్పట్లో నాకు తెలియని సంగతి ఏదైనా ఉందంటే, అది లోకంలో ఇంకెవరికీ తెలిసి ఉండదని నా గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ళ వయసు, చరిత్రలో కొత్తగా వచ్చిన ఎం.ఏ. పట్టా, కర్నూల్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తాత్కాలిక లెక్చరర్ ఉద్యోగం. ఈ మూడూ ఒకే మనిషి నెత్తిన ఒకేసారి పడితే ఆ మనిషి ఎలా ఉంటుందో నేను అచ్చం అలాగే ఉండేదాన్ని. తాత్కాలికం అన్న మాట నియామకపు కాగితంలో ఉండేది గానీ నా నడకలో ఉండేది కాదు. ఫోన్లకు కెమెరాలు కొత్తగా వచ్చిన రోజులవి. కనపడిన ప్రతి పాతరాయినీ ఫొటో తీసి దానికి ఒక రాజవంశాన్ని అంటగట్టందే నాకు అన్నం సయించేది కాదు.

నన్నిలా తయారు చేసిన ఘనత సగం మా డిపార్ట్‌మెంట్ హెడ్‌ది. పిల్లలు ఆయన్ని శాసనం సారు అనేవాళ్ళు. ఎక్కడ గీత కనపడినా ఆయనకు అది శాసనమే. ఒకసారి కాలువ గట్టు మీద రాయొకటి చూసి, బస్సు దిగిపోయి, సిరా అద్ది కాగితం మీద అచ్చు తీసుకుని నాలుగు రోజులు చదివాడు. చివరికి అది కాలువ పనివాళ్ళు వేసుకున్న మైలు నంబరని తేలింది. (“నంబరు గూడా ఒక రకం శాసనమే గదమ్మా” అన్నాడు, ఏమాత్రం తగ్గకుండా.) ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగినా ఆయన పేరు మీద చెప్పుకోదగ్గ పరిశోధన ఒక్కటీ నిలవలేదు. రిటైరయ్యేలోగా కాలేజీలో పాత పనిముట్ల గది ఒకటి పెట్టాలని ఆయన కోరిక. అందుకని పిల్లలూ మేమూ అందరం ఇళ్ళలో అటకల మీద ఉన్న ఇనుప సామాను ఏదైనా తెచ్చివ్వాలని నోటీసు పెట్టాడు.

మా ఊరు కడప జిల్లాలో, దువ్వూరు దాటాక లోపలికి ఉంటుంది. సెలవుకు వెళ్ళినప్పుడు అటకెక్కి వెతికితే పిడి ఊడిపోయిన గొడ్డలి ఒకటి దొరికింది. మా జేజినాయనది, అంటే మా నాయన వాళ్ళ నాయనది. ఆయన నాకు మూడేళ్ళప్పుడే పోయాడు. ఇంట్లో ఆయన పేరెత్తితే అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు కాబట్టి మహానుభావుడై ఉంటాడని నేను అనుకునేదాన్ని.

“దాన్ని తీస్కపోయి ఏం చేస్తావే, పాపా? దాంతో పుల్ల గూడా తెగదు,” అంది మా జేజి.

“ఇది యాడిది, జేజీ?”

“నాకేం తెల్సు? నేను కాపురానికి రాకముందే ఈడ ఉండె.”

తుప్పు గీకి చూస్తే ఒక పక్క చంద్రవంక, దాని కింద వరసగా మూడు చుక్కలు కనిపించాయి. ఉలితో కొట్టిన గుర్తు, చాలా స్పష్టంగా ఉంది. సోమవారం పొద్దున్నే తెచ్చి సారు బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. “చంద్రవంక!” అన్నాడు. “నవాబుల ఆయుధశాల ముద్రమ్మా ఇది! నేను ఇన్నేండ్లుగా ఎదురు చూస్తాండేది దీని కోసమే!”

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నవాబుల ముద్ర అన్నది మాత్రమే సారు. ఆ తర్వాత జరిగిన ఘోరమంతా నాదే. చాగలమర్రి వైపు పిల్లలు తెచ్చినవాటిలో మరో గొడ్డలికి అదే చంద్రవంక, ఒక్క చుక్క కనిపించాయి. ఒక గడ్డపారకు చంద్రవంక ఉంది గానీ చుక్కల్లేవు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని రెండు వారాలు లైబ్రరీలో కూర్చుని ఒక సిద్ధాంతం తయారు చేశాను. చుక్కలు హోదాకు గుర్తు. చుక్క లేనిది కూలివాడిది, ఒక చుక్క సిపాయిది, మూడు చుక్కలు సేనాపతిది. (రెండు చుక్కలు ఇంకా దొరకలేదని కింద చిన్న అక్షరాల్లో రాశాను. నిజాయితీ అంటే అదేనని అప్పుడు నా అభిప్రాయం.) సారు పొంగిపోయి ఎర్ర ఎనామిల్ రంగుతో బోర్డు రాయించాడు: సేనాపతి గొడ్డలి. ప్రారంభోత్సవానికి బయటి ఊరి నుంచి ఒక రిటైర్డ్ ప్రొఫెసర్‌ను పిలిచాడు. ఒక్క ప్రశ్నతో ఎంతటివాణ్ణయినా కూర్చోబెట్టేస్తాడని ఆయనకు పేరు. అయినా సారు భయపడలేదు, “ఈసారి నా చేతిలో సాక్ష్యం ఉండాది” అన్నాడు. తాను రిటైరయ్యేలోపు నన్ను ఆ ఉద్యోగంలో స్థిరం చేయమని యాజమాన్యానికి రాస్తానని కూడా మాటిచ్చాడు.

నేను ఊరికే ఉంటానా? ఇంటికి ఫోన్ చేశాను. సాయంత్రానికల్లా మా జేజి ఊరంతా చాటింది, మేము సేనాపతి వంశమని. మా చిన్నాయన మరుసటి రోజు నుంచే మీసం పెంచడం మొదలుపెట్టాడు.

ప్రారంభోత్సవం బుధవారం. దానికి ముందు శనివారం నాకొక దురాశ పుట్టింది. మూడు చుక్కలు సేనాపతివైతే, నాలుగు చుక్కలు సాక్షాత్తూ నవాబువే అయ్యుండాలి కదా! నాలుగు చుక్కల పనిముట్టు ఒక్కటి దొరికితే ఆ ప్రొఫెసర్ నోరెత్తలేడు. కర్నూలు పాతబస్తీలో పాత ఇనుము కొనే ముసలి భాయ్ ఒకాయన ఉండేవాడు. గొడ్డలి సంచిలో వేసుకుని ఆయన కొట్టుకు వెళ్ళి నా సిద్ధాంతమంతా నిలబడే వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, లోపలికి వెళ్ళి, తుప్పు పట్టిన కొడవలి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. చంద్రవంక, రెండు చుక్కలు.

“ఇది కొడవలి గదా బేటీ. రెండు సుక్కలుండాయి చూడు. అంటే మీ ఉపసేనాపతి జొన్న కోసినాడా?”

నేను కొడవలిని అటూ ఇటూ తిప్పి చూశాను. (జవాబొకటి తట్టింది కూడా. కరువు కాలంలో సైన్యాన్ని కోతలకు పంపి ఉండొచ్చని. అది పైకి అనకుండా ఆపిన దేవుడికి ఇప్పటికీ దండం పెడతాను.)

“ఈ గుర్తువి నా దగ్గరికి శానా వచ్చినాయి,” అన్నాడు భాయ్. “అన్నీ చాగలమర్రి పక్కనుండే ఒక పల్లె నుంచే. ఆడ కమ్మరోళ్ళ గుర్తిది. వాళ్ళ ముసలాయన ఇంకా ఉండాడు. పోయి అడగరాదా?”

అడగడం! నేను చదివిన పుస్తకాల్లో పరిశోధన పద్ధతులు చాలా ఉన్నాయి గానీ, బతికున్న మనిషిని పోయి అడగడం అన్న పద్ధతి ఎక్కడా తగల్లేదు. పైగా ఆయన చెప్పిన పల్లె మా ఊరికి నాలుగు మైళ్ళు కూడా ఉండదు. ఆ దారిలోనే నేను ఇంటర్‌కు బస్సులో పోయి వచ్చేదాన్ని.

అక్కడితో ఊరుకుని ఉంటే ఎవరికీ నష్టం లేదు. బోర్డు ఆరిపోయింది, ఆహ్వానాలు వెళ్ళిపోయాయి, కొడవలి సంగతి భాయ్‌కి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ నాకొక జబ్బు ఉండేది. ఏదైనా సగం తెలిస్తే మిగతా సగం తెలిసేదాకా వీపు మీద చీమ పాకుతున్నట్టు ఉండేది. ఆదివారం మొదటి బస్సుకే బయల్దేరాను. గొడ్డలికి తువ్వాలు చుట్టాను గానీ, నంద్యాల దాటాక ఒక కుదుపుకు తువ్వాలు జారి ఇనుము బయటపడింది. కండక్టరు టికెట్టు కొట్టడం ఆపేశాడు.

“ఏమ్మా, సదువుకున్నదాని మాదిరి ఉండావు. గొడ్డలి తీస్కోని యాడికి పోతాండావు?”

“చరిత్ర పని మీద పోతాండానన్నా.”

“మన సీమలో చరిత్రంటే ఇదే గదమ్మా,” అని నిట్టూర్చి, నా పక్కన కూర్చున్న ఆడమనిషిని లేపి వెనక సీటుకు పంపించాడు. చాగలమర్రి దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది.

బస్సు దిగి, మిరపచేలకు పోయే కూలీలతో ఆటోలో కొంత దూరం, ఆ తర్వాత నడక. ఎండ నెత్తిన సుత్తితో కొట్టినట్టుంది. నాలుగిళ్ళు అడిగి వెళ్ళేసరికి, కొలిమి ఉండాల్సిన చోట వెల్డింగ్ షాపు ఉంది. దాని ముందు రేకుల పంచలో నులకమంచం మీద ఎముకలగూడు లాంటి ముసలాయన కూర్చుని ఉన్నాడు. కళ్ళు రెండూ తెల్లబడి ఉన్నాయి. నేను మంచం దగ్గర కూర్చుని గొడ్డలి చేతికిచ్చాను.

“తాతా, ఈ గుర్తు ఎవురిదో చెప్పగలవా?”

ఆయన చూడలేదు. బొటనవేలితో తడిమాడు. ఎండిన పెదాల మీద నవ్వు మెల్లగా పాకింది.

“చంద్రవంక. మా నాయన పెట్టిన గుర్తు. ఇది నేను కొట్టినదే, వంపు కొంచెం ఎడమకు పోయింది చూడు, అప్పుడు నాకు మీసాలు గూడా రాలే.” వేలు కిందికి జరిగింది. “ఒకటి... రెండు...” ఆగాడు. “మూడు! ఓయమ్మ! నువ్వు వంకల రెడ్డి మనవరాలివా?”

“వంకల రెడ్డెవురు తాతా?” అన్నాను. దువ్వూరు పక్కన మా ఊరి పేరు, మా ఇంటి గుర్తులు, వాకిట్లో ఉన్న వేపచెట్టుతో సహా ఆయనే చెప్పాడు.

చుక్క అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చేసిచ్చిన పనిముట్టు బాగా లేదని ఎవరైనా వాపసు తెస్తే దాన్ని మళ్ళీ కొలిమిలో పెట్టి సరిచేసి, ఒక చుక్క కొట్టేవాళ్ళట. ఇనుము ఎన్నిసార్లు కాగిందో చేసినవాడికి తెలియాలి కాబట్టి. “శానాసార్లు కాలిస్తే సారం చచ్చిపోతాది పాపా. అందుకని నాలుగు సుక్కలనేది మా దగ్గర లేదు. నాలుగోసారి వచ్చినోనికి కొత్తది చేసిచ్చి దండం పెట్టేదే.” ఇంకో ప్రయోజనం కూడా ఉందని చెప్పాడు. చుక్కలున్న సరుకు తీసుకుని మనిషి వస్తున్నాడంటే, వాళ్ళ నాయన పిల్లల్ని లోపలికి పొమ్మని సైగ చేసేవాడట.

“మా జేజినాయన ఏమని తెచ్చినాడు తాతా?”

“మొదట్లో ఎడమకు గుంజుతాదన్నాడు. సరే అని సరిచేస్తిమి. రెండోతూరి, కట్టె మీద పడితే మోత బాగలేదన్నాడు. గొడ్డలికి మోతేందప్పా అన్నాడు మా నాయన. అయినా సరిచేస్తిమి. మూడోతూరి వచ్చి ఊరికే నిలబడినాడు. ఏమప్పా అంటే, ‘ఇప్పుడు అంతా బాగనే ఉండాది, అదే నాకు అనుమానంగా ఉండాది’ అన్నాడు.” ముసలాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “చంద్రవంక మాది పాపా. వంకలు మాత్రం మీ జేజినాయనవి!”

నేనూ నవ్వాను. నవ్వుతూనే నా సేనాపతిని, రెండు వారాల లైబ్రరీని, ఎర్ర ఎనామిల్ బోర్డును తలుచుకుని గొడ్డలికి మళ్ళీ తువ్వాలు చుట్టాను.

సోమవారం సారు గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన ముఖం చూస్తూ చెప్పడం నా వల్ల కాలేదు. కిటికీ అవతల సైకిళ్ళ షెడ్డుకు చెప్పాను.

“ఒక ముసలాయన ఏదో చెప్తే అదే సాక్ష్యమా? ఆయనకు కండ్లు గూడా కనపడవంటివే.”

“వేలితో చదివినాడు సార్. మనలో ఎవరూ అట్ల చదవలేదు.”

సారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత మెత్తగా అన్నాడు: “బుధవారం అయిపోనీమ్మా. ఆ తర్వాత నిదానంగా సరిచేద్దాం. ఇది ఒక్కటన్నా నా పేరు మీద నిలబడనీ.”

కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది. ఆ గొంతు విని నా కాళ్ళు వెనక్కి తిరిగాయి. గుమ్మం దాకా వెళ్ళాను కూడా. అక్కడ ఆగి, నాలోపల ఏ వంకల రెడ్డి లేచి నిలబడ్డాడో తెలియదు, “లేదు సార్. బుధవారమే చెప్పాల. మీరు చెప్పకపోతే నేను చెప్తాను,” అన్నాను. ఆయన నావైపు చూడకుండా టేబుల్ మీద కాగితాలు సర్దుకున్నాడు.

మంగళవారం సారు కాలేజీకి రాలేదు. ముప్పై ఏళ్ళలో ఆయన చెప్పకుండా సెలవు పెట్టడం అదే మొదటిసారని అటెండరు అందరికీ చెప్పాడు. అందరూ నావైపు చూశారు. నేను సాయంత్రానికి హాస్టల్ గదిలో నా పుస్తకాలు అట్టపెట్టెలో సర్దేశాను. (మూడే పుస్తకాలు సొంతం. మిగతావి లైబ్రరీవి. అందుకని తొందరగానే అయిపోయింది.)

బుధవారం పొద్దున గేటు ముందు ఆటో ఆగింది. ముందు శాసనం సారు దిగాడు. చొక్కా నలిగి, కాళ్ళకు దుమ్ము కొట్టుకుని ఉన్నాడు. తర్వాత వెనక్కి వంగి, చెయ్యి అందించి, తెల్లపంచె కట్టుకున్న కమ్మరి తాతను జాగ్రత్తగా కిందికి దించాడు. ముందురోజంతా సారు ఆ పల్లెలోనే ఉన్నాడట. గ్రామంలో ఇంటింటికీ తిరిగి చంద్రవంక ఉన్న పనిముట్లన్నీ చూసి, రాత్రికి వాళ్ళ పంచలోనే పడుకున్నాడట. నా దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం పండగ ముఖం.

“మూడు నూర్ల ఏండ్ల కింద చచ్చిపోయినోళ్ళను ముప్పై ఏండ్లుగా ప్రశ్నలు అడుగుతాండానమ్మా. ఒక్కడు పలకలే. ఈయన అడగంగానే చెప్తాడు! నిన్న ఎన్ని అడిగినా, అన్నిటికీ చెప్పినాడు!”

సభలో సారే మైకు తీసుకున్నాడు. ఇది నవాబుల ముద్ర అనుకున్నానని, పొరపాటు పడ్డానని, సరిచేసింది తన దగ్గర పనిచేసే తాత్కాలిక లెక్చరరని చెప్పాడు. నేను లేచి, సేనాపతి సిద్ధాంతం సారుది కాదు, నాదేనని ఒప్పుకుని, ఆ మూడు చుక్కలు మా జేజినాయన పెట్టిన మూడు వంకలకు గుర్తని చెప్పాను. (వెనక బెంచీల్లోంచి పిల్లలు చప్పట్లు కొట్టారు. తప్పు చేసిన టీచరంటే పిల్లలకు ఎంత ప్రేమో అప్పుడే తెలిసింది.) ఒక్క ప్రశ్నతో కూర్చోబెట్టే ప్రొఫెసర్ తానే లేచి వచ్చి తాత పక్కన కూర్చున్నాడు. పనిముట్లు ఒక్కొక్కటీ ఆయన చేతికిస్తుంటే, తాత బొటనవేలితో తడిమి, “ఇది మా చిన్నాయన చేతిది. ఇది మాది కాదు, మా గుర్తును ఎవుడో దొంగతనంగా కొట్టినాడు, చూడు, వంక తిరగబడింది” అని చెప్తూ పోయాడు. ఆ ప్రొఫెసర్ నోట్‌బుక్ తీసి పిల్లాడిలా రాసుకున్నాడు.

నా అసలు భయం వేరే ఉంది. రెండో వరసలో మా జేజి కొత్త చీర కట్టుకుని, కోరమీసంతో ఉన్న మా చిన్నాయన పక్కన కూర్చుని ఉంది. ఊళ్ళో ఆమె పరువు తీసినదాన్ని నేనే. సభ అయ్యాక దగ్గరికి వెళ్ళి, “జేజీ, కోపమొచ్చిందా?” అన్నాను.

“మూడు సుక్కలేనా?” అంది మా జేజి. “నలభై ఏండ్లు సంగటి కెలికి పెట్టినా. ఒక్కనాడు బాగుందని తిన్ల్యా ఆయప్ప. నాకు సుక్కలు పెట్టి ఉంటే ఒళ్ళంతా సుక్కలే!” అని, తాత దగ్గరికి వెళ్ళి, “అన్నా, నీకు మూడుతూర్లే, నా కష్టం సూడు” అంటూ మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ మా జేజినాయన మీద గంటన్నర ఫిర్యాదులు చెప్పుకున్నారు. మధ్యలో ఎప్పుడో ఆమె కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఇంట్లో ఆయన పేరెత్తితే గొంతు తగ్గించడమే గానీ, ఇలా నవ్వుతూ చెప్పుకోవడం ఆ రోజు దాకా మాలో ఎవరికీ తెలియదు. మా చిన్నాయన మాత్రం మీసం తియ్యలేదు. సేనాపతి కాకపోయినా మీసం మీసమే అన్నాడు.

నా ఉద్యోగం మరో ఏడాది పొడిగించారు. నా నిజాయితీ చూసి కాదు, ఆ జీతానికి ఇంకెవరూ దొరకలేదట. సారు రిటైరయ్యేలోపు తాత దగ్గర కూర్చుని ఆ చుట్టుపక్కల కమ్మరుల గుర్తులన్నీ రాసుకుని ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆయన పేరు మీద నిలిచింది అదే. అట్ట మీద తన పేరు కింద తాత పేరు కూడా అంతే పెద్దక్షరాల్లో వేయించాడు.

ఇప్పుడు నేను కడపలో పనిచేస్తున్నాను. తాత్కాలికం కాదు, నా పేరున గది, గదిలో ఫ్యాను ఉన్నాయి. పోయిన వారం మా కాలేజీ ప్రత్యేక సంచిక అచ్చుకు సిద్ధమవుతుంటే అందులో మన జిల్లా చరిత్ర గురించి ఒక వాక్యం తప్పుగా కనపడింది. రాసింది మా ప్రిన్సిపాల్. “పోనీలే, ఎవరు చదువుతారు?” అనుకుని మూసేశాను. అప్పుడు ఎందుకో గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటు ఖాళీగా, ఎండలో బస్సెక్కి పోతున్న ఆ పిల్ల గుర్తొచ్చింది. ఎంత పొగరు, ఎంత తెలివితక్కువ, ఎంత మొండి! ఆమె ముందు నేను ఇప్పుడు నిలబడితే, కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు చూస్తూ మాట్లాడాల్సింది నేనే. సంచిక రేపు మధ్యాహ్నం అచ్చుకు వెళ్తుంది. పొద్దున్నే వెళ్ళి చెప్పాలని నిశ్చయించుకున్నాను. ప్రిన్సిపాల్ గది ఎక్కడో ఏమీ లేదు, ఒక్క అంతస్తు పైనే. అయినా మోకాళ్ళు మాత్రం ఇప్పటి నుంచే నొప్పి పెడుతున్నాయి.